మార్సియానోతో అలీ తలపడితే

1969 వేసవిలో, అమెరికాలోని మయామీలో, తలుపులు మూసిన ఒక స్టూడియోలో ఇద్దరు హెవీవెయిట్ చాంపియన్లు బాక్సింగ్ రింగులోకి దిగారు. ఒకరు రాకీ మార్సియానో. ఆడిన 49 పోటీలూ గెలిచి, వాటిలో 43 నాకౌట్లు చేసి, ఓటమి ఎరగకుండా 1956లో రిటైరైనవాడు. స్టూడియోకు వచ్చేనాటికి అతని వయసు 45. ఈ చిత్రీకరణ కోసం దాదాపు ఇరవై కిలోలు తగ్గాడు, బట్టతల కనబడకుండా విగ్గు పెట్టుకున్నాడు. రెండోవాడు మహమ్మద్ అలీ. వయసు 27. అతనికీ అప్పటికి ఓటమి లేదు. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు 1967లో అతని టైటిల్ లాగేసుకున్నారు, లైసెన్సు రద్దు చేశారు. చేతిలో బలం ఉన్నా ఆడే వీలు లేని రోజులవి.

ఇద్దరూ నిమిషానికొక రౌండు చొప్పున డెబ్బై దాకా రౌండ్లు నటించారు. వేర్వేరు ముగింపులు చిత్రించారు. ఎవరు గెలుస్తారో ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. కంప్యూటర్ తేల్చిందంటూ 1970 జనవరి 20న సినిమాహాళ్లలో విడుదల చేశారు. అమెరికాలో చూపిన సినిమాలో మార్సియానో 13వ రౌండులో అలీని నాకౌట్ చేశాడు. ఆ ఫలితం చూడడానికి మార్సియానో లేడు. 1969 ఆగస్టు 31న, తన 46వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, అయోవా రాష్ట్రంలో చిన్న విమానం కూలి చనిపోయాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో మాత్రం గెలిచినవాడు అలీ. మార్సియానో ముఖం మీది గాయాల వల్ల పోరు ఆగిపోతుంది.

ఒకే పోరుకు రెండు ముగింపులేమిటని చిరాకు కలగడం సహజం. ప్రేక్షకుల ఇష్టాన్ని బట్టి చేసిన వ్యాపారమే అది. అయినా ఆ రెండు ముగింపులు కలిసి చెప్పిన మాట, ఏ ఒక్క ముగింపు చెప్పిన మాటకన్నా నిజానికి దగ్గరగా ఉంది. వేర్వేరు కాలాల యోధుల్ని పోల్చినప్పుడు సైన్సు ఇవ్వగలిగిన జవాబు ఒక పేరు కాదు, ఒక సంభావ్యత. ఆ సంభావ్యతను ఎలా అంచనా వేస్తారో, ఆ దారిలో ఏమేం అడ్డొస్తాయో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఒక్కసారి వేసిన పాచిక

ఈ కథకు మూలపురుషుడు మరీ వోరోనర్ అనే రేడియో నిర్మాత. 1967లో అతను పదహారుమంది హెవీవెయిట్ చాంపియన్లతో ఒక టోర్నమెంట్ ఊహించాడు. ఒక్కొక్కరి వేగం, దెబ్బ బలం, ఓర్పు, దెబ్బ తట్టుకునే శక్తి వంటి అంశాలకు అంకెలు వేయించి, ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌కు అందించాడు. అది రౌండు రౌండుకూ ఇచ్చిన ఫలితాలను వ్యాఖ్యాత గొంతుతో, జనం కేకలతో రేడియోలో ప్రసారం చేశారు. ఫైనల్లో మార్సియానో జాక్ డెంప్సీని ఓడించాడు. అలీ క్వార్టర్ ఫైనల్లోనే జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. తన పరువు పోయిందంటూ అలీ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ రాజీలో భాగంగానే మయామీ సినిమా పుట్టింది.

కంప్యూటర్ చేసిన పనిలో తప్పేమిటి? అది లెక్క తప్పలేదు. లెక్కను ఒక్కసారే చేసింది. తప్పంతా అక్కడే ఉంది.

ఇటువంటి లెక్కను మళ్లీ మళ్లీ చేసి చూడడానికి మాంటే కార్లో పద్ధతి అని పేరు. 1946లో గణితవేత్త స్టానిస్లా ఉలామ్ జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరిగా పేకాడుకునేవాడు. ముక్కలు ఎలా పడితే ఆట పూర్తవుతుందో సూత్రాలతో తేల్చడం కష్టమనీ, వందసార్లు ఆడి ఎన్నిసార్లు పూర్తయిందో లెక్కపెట్టడం సులువనీ అతనికి తట్టింది. జాన్ వాన్ న్యూమన్‌తో కలిసి ఆ ఆలోచనను లాస్ అలమోస్‌లో అణు పరిశోధనలకు వాడాడు. పద్ధతి ప్రాణమంతా పునరావృత్తిలోనే ఉంది. ఒక్కసారి ఆడితే వచ్చేది అదృష్టం. పదివేలసార్లు ఆడితే వచ్చేది సమాచారం.

చిన్న లెక్క చేద్దాం. పదహారుమందిలో ఒకడు అందరికన్నా మేటి అనుకుందాం. ఎవరితో తలపడినా అతను గెలిచే అవకాశం 70 శాతం. టోర్నమెంట్ గెలవాలంటే వరుసగా నాలుగు పోటీలు గెలవాలి. 0.7ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చేది 0.24. అంటే అందరినీ మించినవాడే అయినా, అతను కప్పు ఎత్తే అవకాశం నాలుగింట ఒక వంతుకు తక్కువే. మిగతా మూడు వంతులూ ఇంకెవరికో దక్కుతుంది. కాబట్టి ఆ రేడియో టోర్నమెంట్‌లో మార్సియానో గెలవడం అతను అందరికన్నా గొప్ప అనడానికి రుజువు కాదు. అలీ ఓడడం అతను తక్కువవాడనడానికీ రుజువు కాదు.

ఒంటి కొలతలు చెప్పేది

సంభావ్యతను అంచనా వేయాలంటే ముందు శరీరాలను కొలవాలి. మార్సియానో ఎత్తు దాదాపు 178 సెంటీమీటర్లు, మంచి రోజుల్లో బరువు 84 కిలోలు. అలీ ఎత్తు 191, 1960ల చివర్లో బరువు 96 కిలోల దరిదాపు. అసలు తేడా బారలో ఉంది. రెండు చేతులూ చాపితే అలీ బార 198 సెంటీమీటర్లు, మార్సియానోది 172 దాకా. అంటే ఒక్కొక్క చేతికి సుమారు 13 సెంటీమీటర్ల తేడా. అలీ తన పిడికిలి సరిగ్గా తాకేంత దూరంలో నిలబడితే, అక్కడి నుంచి మార్సియానో పిడికిలి బెత్తెడు దూరంలో ఆగిపోతుంది.

దీనికి కాలాన్ని కలిపితే విషయం ఇంకా ఆసక్తిగా మారుతుంది. 1985లో బ్రిటిష్ హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో పంచ్‌ను పరిశోధకులు కొలిచారు. తాకే క్షణంలో పిడికిలి వేగం సెకనుకు 8.9 మీటర్లు. గరిష్ఠ బలం 4,096 న్యూటన్లు, అంటే 400 కిలోల బరువు మోపినంత. పిడికిలి నిశ్చల స్థితి నుంచి బయల్దేరి ఆ వేగం అందుకుంటుంది కనుక, అర మీటరు దూరం దాటడానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుందనుకోవచ్చు. కంటితో చూసి, మెదడు గ్రహించి, కండరం కదలడానికి మనిషికి కావలసింది సెకనులో అయిదో వంతు. అంటే పిడికిలి బయల్దేరాక తప్పుకోవాలనుకునేవాడు అప్పటికే దెబ్బ తిని ఉంటాడు.

మరి బాక్సర్లు దెబ్బలు ఎలా తప్పించుకుంటారు? పిడికిలిని కాదు, అంతకు ముందు కదిలేదాన్ని చూస్తారు. భుజం బిగుసుకోవడం, మడమ తిరగడం, బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మారడం: ఈ సూచనలను బట్టి రాబోయే దెబ్బను ముందే ఊహిస్తారు. దీనికి తోడు దూరాన్ని కవచంగా వాడతారు. చేతులు కిందికి వదిలి, తల వెనక్కి వాల్చి తప్పుకునే అలీ పద్ధతిని పాతకాలపు శిక్షకులు తప్పుబట్టేవారు. కానీ వెనక్కి వాలిన ప్రతి అంగుళమూ అతనికి కొంత కాలాన్ని కొనిపెట్టేది. అతనిలా పొడవాటి చేతులూ చురుకైన కాళ్లూ ఉన్నవాడికే ఆ పద్ధతి చెల్లుతుంది.

మార్సియానో దగ్గర దీనికి జవాబు లేకపోలేదు. అతను బాగా వంగి, తల కిందికి పెట్టి, అవతలివాడి చేతుల లోపలికి చొరబడేవాడు. అక్కడ పొడవాటి చేయి బలం కాదు, భారం. చేయి నేరుగా చాచి కొట్టే జాబ్ దెబ్బకు చోటుండదు. పొట్టి చేతుల హుక్కులు, కింది నుంచి పైకి లేచే అప్పర్‌కట్లు పనిచేసేది అక్కడే. నాకౌట్ భౌతికశాస్త్రం కూడా అతని వైపే ఉంది. స్పృహ తప్పించడంలో ముఖ్యమైనది తల నేరుగా వెనక్కి పోవడం కన్నా, గిర్రున తిరగడం. దవడ చివర తగిలిన దెబ్బ మెడను ఇరుసుగా చేసుకుని తలను ఒక్కసారిగా తిప్పుతుంది. పుర్రె తిరిగినంత వేగంగా మెదడు తిరగలేదు. అందుకే పక్కనుంచి వచ్చే హుక్ అంత ప్రమాదకరం. అలీని 1963లో హెన్రీ కూపర్, 1971లో జో ఫ్రేజియర్ పడగొట్టింది ఎడమ హుక్కుతోనే.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇప్పటి నిబంధనల్లో 90.7 కిలోల లోపువారికి క్రూయిజర్‌వెయిట్ అనే వేరే తరగతి ఉంది. 1979లో మొదలైంది. మార్సియానో ఇవాళ ఉంటే ఆ తరగతిలో కూడా తేలికపాటివాడే. 206 సెంటీమీటర్ల హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీ ఎదురుగా అతన్ని ఊహించుకుంటే గుండె జారుతుంది. కానీ బరువొక్కటే తీర్పు చెప్పదు. క్రూయిజర్‌వెయిట్ నుంచి పైకి వచ్చిన ఒలెక్సాండర్ ఉసిక్ 2024లో రియాద్‌లో అదే ఫ్యూరీని రెండుసార్లు పాయింట్ల మీద ఓడించాడు. రెండుసార్లూ ఫ్యూరీ అతనికన్నా 15 కిలోలకు పైగా బరువు.

‘పౌండ్ ఫర్ పౌండ్’ అనే మాట వెనక కూడా ఒక లెక్క ఉంది. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. అందుకని శరీరం బరువు రెండింతలైతే బలం రెండింతలు కాదు, సుమారు 1.6 రెట్లే అవుతుంది. కిలోకు ఎంత బలం అని లెక్కిస్తే చిన్నవాళ్లే ఎప్పుడూ ముందుంటారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ తరగతిలో నయీమ్ సులేమానోగ్లు 190 కిలోలు తలపైకెత్తాడు, తన బరువుకు మూడు రెట్లకు మించి. ఏ హెవీవెయిట్ లిఫ్టరుకూ ఆ నిష్పత్తి అందదు. చిన్న తరగతుల మేటి బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ లాంటివాడిని హెవీవెయిట్లతో పోల్చాలంటే ఈ లెక్క తప్పనిసరి. అయితే అది నైపుణ్యానికి కొలబద్ద మాత్రమే. రింగులో ఎదురుగా నిలబడితే తగిలే దెబ్బకు నిష్పత్తులతో పనిలేదు.

పన్నెండా, పదిహేనా?

ఊహా పోరులో అందరూ మరిచిపోయే ప్రశ్న ఒకటుంది. ఏ నిబంధనల ప్రకారం?

1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. చాంపియన్ జెర్సీ జో వాల్కాట్‌కు 38 ఏళ్లు. మొదటి రౌండులోనే అతని ఎడమ హుక్కు మార్సియానోను పడగొట్టింది. అంతకు ముందెన్నడూ మార్సియానో నేలను తాకలేదు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల కాగితాల మీదా వాల్కాట్‌దే ఆధిక్యం. పదమూడో రౌండు మొదలై ముప్పావు నిమిషం కాలేదు. వాల్కాట్ వెనక్కి జరిగి తాళ్లకు ఆనుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి కుడి చేతిని విసిరారు. మార్సియానో దెబ్బ ఒక అడుగు దూరం కూడా ప్రయాణించలేదు, కానీ ముందు చేరింది. వాల్కాట్ ముఖం ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎడమ చేయి తాడుకు చిక్కుకుని వేలాడుతుండగా మోకాళ్ల మీదికి జారి, నుదురు నేలకానించి ఉండిపోయాడు. రిఫరీ పది లెక్కపెట్టాడు.

అప్పుడు టైటిల్ పోరు పదిహేను రౌండ్లు. ఇప్పుడు పన్నెండే. ఇవాళ్టి నిబంధనల్లో ఆ రాత్రి మార్సియానో పాయింట్ల మీద ఓడిపోయేవాడు. 49 విజయాలు, సున్నా ఓటములు అనే ఆ ప్రసిద్ధమైన అంకె పుట్టేదే కాదు.

అతనొక్కడే కాదు. 1941 జూన్ 18న న్యూయార్క్‌లో చాంపియన్ జో లూయిస్‌తో బిల్లీ కాన్ తలపడ్డాడు. లూయిస్ కన్నా పదకొండు కిలోలు తక్కువ బరువున్న కాన్, పన్నెండు రౌండ్లయ్యాక ఇద్దరు నిర్ణేతల లెక్కలో ముందున్నాడు, మూడోవారి లెక్కలో సమానంగా ఉన్నాడు. పదమూడో రౌండు ముగియడానికి రెండు సెకన్ల ముందు లూయిస్ అతన్ని నాకౌట్ చేశాడు. పన్నెండు రౌండ్ల లోకంలో లూయిస్ పన్నెండేళ్ల పాలన ఆ రాత్రే ముగిసి ఉండేది.

రౌండ్లు తగ్గించడానికి కారణం విషాదం. 1982 నవంబర్ 13న లాస్ వెగాస్‌లో రే మాన్సినీతో పదునాలుగో రౌండు దాకా పోరాడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ మెదడులో రక్తస్రావంతో నాలుగు రోజులకు చనిపోయాడు. ఆ తర్వాత ప్రపంచ సంస్థలు ఒక్కొక్కటిగా పన్నెండుకు దిగాయి. అది మంచి నిర్ణయమే. ఆటగాడి ప్రాణం కన్నా ఏ టైటిలూ ఎక్కువ కాదు. కానీ దానివల్ల ఆట స్వభావమూ మారింది. పదిహేను రౌండ్లకు తర్ఫీదైన శరీరం వేరు, పన్నెండుకు తర్ఫీదైన శరీరం వేరు. బరువైన కండరానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. చివరి మూడు రౌండ్లలో అది చెల్లించాల్సిన మూల్యం.

ఇంకా వెనక్కి పోతే తేడా మరింత పెద్దది. గ్లవ్స్, మూడు నిమిషాల రౌండు, పది లెక్క వంటివన్నీ 1867 నాటి క్వీన్స్‌బెర్రీ నిబంధనలతో వచ్చాయి. అవి వచ్చాక కూడా, 1889లో చాంపియన్ జాన్ సల్లివాన్, జేక్ కిల్రైన్ ఒట్టి పిడికిళ్లతో 75 రౌండ్లు పోరాడారు. 1919లో జాక్ డెంప్సీ జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టాడు. పడినవాడు లేచేదాకా పక్కనే నిలబడి, లేవగానే మళ్లీ కొట్టేవాడు. ఇప్పుడైతే పడగొట్టినవాడు దూరంగా ఉన్న మూలకు వెళ్లాలి. ఆ నిబంధనను మరిచి ఆలస్యం చేసినందుకే 1927లో జీన్ టన్నీ మీద డెంప్సీ గెలిచే అవకాశం చేజార్చుకున్నాడని అభిమానులు నేటికీ వాదిస్తారు. డెంప్సీని ఏ కాలపు నిబంధనలతో దించుతారో చెప్పకుండా అతను గెలుస్తాడా అని అడగడంలో అర్థం లేదు.

రాయి, కాగితం, కత్తెర

ఇక అసలు చిక్కు. కాలాలు కలపడానికి మనకు సహజంగా తోచే దారి గొలుసు కట్టడం. క, ఖను ఓడించాడు. ఖ, గను ఓడించాడు. కాబట్టి క, గను ఓడిస్తాడు. ఎత్తుల విషయంలో, బరువుల విషయంలో ఈ తర్కం తిరుగులేనిది. పోరాటాల విషయంలో అది విరిగిపోతుంది. చిన్నపిల్లల రాయి, కాగితం, కత్తెర ఆటలో ఏదీ అన్నిటికన్నా గొప్పది కానట్టే, రింగులో కూడా శైలులు ఒకదాన్నొకటి కొడుతూ వలయంగా తిరుగుతాయి.

చరిత్రలో దీనికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 1971 మార్చిలో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973 మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ పగలగొట్టి ఓడించాడు. ఆ ఫ్రేజియర్‌ను 1973 జనవరిలో జార్జ్ ఫోర్‌మన్ ఆరుసార్లు పడగొట్టి రెండో రౌండులో ముగించాడు. ఆ నార్టన్‌ను కూడా 1974 మార్చిలో రెండో రౌండులోనే ముగించాడు. అలీని ఓడించిన ఇద్దరినీ రెండేసి రౌండ్లలో చిత్తుచేసిన ఫోర్‌మన్ వయసు 25, అలీ వయసు 32. గొలుసు తర్కం ప్రకారం 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో ఆ ఇద్దరూ తలపడినప్పుడు జరగాల్సింది ఒక్కటే. జరిగింది దానికి తలకిందులు. అలీ తాళ్లకు ఆనుకుని, చేతులతో కాచుకుంటూ, ఫోర్‌మన్ దెబ్బలను భుజాల మీద, మోచేతుల మీద పోనిచ్చాడు. ఫోర్‌మన్ అలిసిపోయాక ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు.

ఇందులో మాయ లేదు. ఫోర్‌మన్ పెద్ద ఊపుతో కొట్టేవాడు. ముందుకు నడుచుకుంటూ వచ్చే ఫ్రేజియర్ ఆ దెబ్బలకు ఎదురెళ్లాడు. దూరాన్నీ కాలాన్నీ ఆయుధాలుగా వాడుకునే అలీకి అదే ఊపు అవతలివాడి ఓర్పును కరిగించే అవకాశమైంది. ఒక మనిషి బలాన్ని ఒకే అంకెలో పెట్టే ఏ పద్ధతికైనా ఈ వలయం కనబడదు.

చదరంగంలో వాడే ఎలో రేటింగ్‌కు ఉన్న హద్దు కూడా ఇదే. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రవేత్త అర్పాద్ ఎలో దాన్ని రూపొందించాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు సగటున 76 శాతం పాయింట్లు తెచ్చుకుంటాడని అది అంచనా కడుతుంది. ఎంతో ఉపయోగమైన పద్ధతి. కానీ అది కొలిచేది సమకాలికుల మధ్య స్థానాన్ని. రెండు తరాల అంకెలను పక్కపక్కన పెట్టడం చెల్లాలంటే, ఆ రెండు తరాల సగటు నాణ్యత సమానమని ముందే ఒప్పుకోవాలి. తేలాల్సిన విషయమే అది.

వృద్ధుల చేతులు కలిపిన గొలుసు

అయినా హెవీవెయిట్ చరిత్రలో నిజమైన గొలుసు ఒకటుంది. 1951లో మార్సియానో జో లూయిస్‌ను ఓడించాడు. 1955లో ఆర్చీ మూర్‌ను ఓడించాడు. అదే మూర్‌ను 1962లో అలీ నాలుగో రౌండులో ఓడించాడు. అలీ ఫోర్‌మన్‌ను, 1991లో ఎవాండర్ హోలీఫీల్డ్ ఫోర్‌మన్‌ను, 1999లో లెనాక్స్ లూయిస్ హోలీఫీల్డ్‌ను, 2003లో అదే లూయిస్ విటాలీ క్లిచ్‌కోను ఓడించారు. 2012లో విటాలీ డెరెక్ చిసోరాను, 2020లో ఉసిక్ అదే చిసోరాను ఓడించారు. ఏడు దశాబ్దాల చరిత్ర చేతులు పట్టుకుని నిలబడినట్టుంది. ఈ వరుస చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కానీ గొలుసులో కొలికి ఉన్న చోటల్లా సాధారణంగా ఒకరు ముసలివారు. మార్సియానో ఓడించిన లూయిస్‌కు 37 ఏళ్లు. అతను అప్పుల కోసం తిరిగి రింగెక్కినవాడు. అలీ ఎదుర్కొన్న మూర్ నలభై అయిదు దాటినవాడు. మార్సియానోను రెండో రౌండులో పడగొట్టిన మూర్ అంతకన్నా ఏడేళ్లు చిన్నవాడు. పాత తరం తన చివరి రోజుల్లో, కొత్త తరం తన మొదటి రోజుల్లో కలుసుకుంటాయి. అందుకే గొలుసు సాధారణంగా కొత్తవాళ్ల వైపే మొగ్గుతుంది.

1910 జులై 4న రీనోలో జరిగింది అలాంటిదే. దాదాపు ఆరేళ్ల కింద పోరాటాలు మానేసిన జెఫ్రీస్‌ను, నల్లజాతి చాంపియన్ జాక్ జాన్సన్‌ను ఓడించడానికని బతిమాలి రింగెక్కించారు. 35 ఏళ్ల జెఫ్రీస్ ఒంటి మీది కొవ్వంతా కరిగించుకుని వచ్చాడు, కానీ పోయిన ఏళ్లను తిరిగి తెచ్చుకోలేకపోయాడు. పదిహేనో రౌండులో జాన్సన్ గెలిచాడు. మంచి వయసులోని జెఫ్రీస్ అయితే ఏమయ్యేదో ఆ పోరు మనకు చెప్పదు.

రింగులోకి రానివ్వని వాళ్లు

రికార్డులు పోల్చేటప్పుడు ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. పోటీకి ఎవరిని రానిచ్చారు? సల్లివాన్ నల్లజాతి బాక్సర్లతో టైటిల్ పోరుకు దిగనన్నాడు. 1915లో జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్నాక, 1937లో జో లూయిస్ వచ్చేదాకా 22 ఏళ్లపాటు ఏ నల్లజాతి బాక్సరుకూ హెవీవెయిట్ టైటిల్‌కు పోరాడే అవకాశం ఇవ్వలేదు. ఆ కాలంలో మేటి అయిన హ్యారీ విల్స్ డెంప్సీతో తలపడాలని ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఆ పోరు ఎన్నడూ జరగలేదు. డెంప్సీ రికార్డులో కనబడే ప్రతి గెలుపు పక్కనా ఈ ఖాళీని కూడా చదవాలి. తర్వాతి కాలంలోనూ సోవియట్ దేశాల్లో, క్యూబాలో ప్రొఫెషనల్ బాక్సింగ్ లేదు. 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో వరుసగా స్వర్ణాలు గెలిచిన క్యూబా హెవీవెయిట్ టియోఫిలో స్టీవెన్సన్ అలీతో ఎన్నడూ తలపడలేదు.

పోటీదారులు తక్కువమంది అయినప్పుడు మేటివాడికీ మామూలువాడికీ మధ్య దూరం ఎక్కువగా కనబడుతుంది. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ అమెరికన్ బేస్‌బాల్ గణాంకాల్లో దీన్నే చూపించాడు. 1941లో టెడ్ విలియమ్స్ సాధించిన .406 బ్యాటింగ్ సగటు లాంటివి తర్వాత కనుమరుగవడానికి కారణం ఆటగాళ్ల స్థాయి తగ్గడం కాదు, అందరూ మెరుగవడమని వాదించాడు. సగటు మనిషి పైకి ఎదిగినకొద్దీ శిఖరం పొట్టిగా కనబడుతుంది. మచ్చలేని రికార్డు గొప్పదే, కానీ దాన్ని సాధించిన కాలాన్ని కూడా పక్కనే రాసుకోవాలి.

అయితే ఎవరు?

ఇన్ని అడ్డంకులు చెప్పి జవాబు ఎగ్గొట్టడం న్యాయం కాదు. ప్రశ్నను పూర్తిగా అడుగుదాం. 1952 సెప్టెంబర్ నాటి మార్సియానో, 1967 మార్చి నాటి అలీ. పదిహేను రౌండ్లు, 1950ల నాటి నిబంధనలు, పెద్ద రింగు.

బార, కాళ్ల వేగం, వయసులో వచ్చే చురుకు అలీవి. ఓర్పు, దగ్గరి దెబ్బ, దెబ్బ తిన్నా ముందుకు రావడం మార్సియానోవి. అతని బలహీనత ముఖం మీది చర్మం. 1954 సెప్టెంబర్‌లో ఎజార్డ్ చార్లెస్‌తో పోరులో ముక్కు చీలిపోయినప్పుడు, డాక్టరు ఆపేలోగా గెలవాలని ఎనిమిదో రౌండులో తెగించి గెలిచాడు. అలీ జాబ్ తగలగా తగలగా చర్మం చిట్లుతుంది. నా అంచనాలో ఆ పోరును పదిసార్లు జరిపితే ఏడుసార్లు అలీ గెలుస్తాడు, ఎక్కువగా పాయింట్ల మీద లేదా గాయాల వల్ల. మూడుసార్లు మార్సియానో గెలుస్తాడు, అదీ పదో రౌండు దాటాక, దగ్గరి దెబ్బతో. రౌండ్లు పన్నెండుకు తగ్గిస్తే మార్సియానో వంతు ఇంకా తగ్గుతుంది. రింగును చిన్నది చేస్తే పెరుగుతుంది. ఈ ఏడు, మూడు అనేవి నా తూకం. మీ తూకం వేరుగా ఉండవచ్చు. కానీ మనిద్దరం ఏ అంశం దగ్గర విడిపోయామో చెప్పుకోగలం. సైన్సు మనకిచ్చే లాభం అదే.

రెండు తరాల మధ్య ఇలాంటి పోరు మన దేశంలో నిజంగానే జరిగింది. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో, 51 కిలోల తరగతిలో, ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలో తేల్చడానికి మేరీ కోమ్, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ తలపడ్డారు. మేరీ 2002 నుంచి 2018 దాకా ఆరు ప్రపంచ స్వర్ణాలు గెలిచిన యోధురాలు. నిఖత్‌కు 23 ఏళ్లు. గొలుసు కొత్తవాళ్ల వైపు మొగ్గుతుందని పైన చెప్పుకున్నాం. ఆ రోజు మాత్రం మేరీ 9–1 తేడాతో గెలిచింది. రెండున్నరేళ్లు తిరక్కుండానే 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. ఒక్క రోజు ఫలితం ఆ రోజుదే. అది ఎవరి గొప్పతనానికీ చివరి మాట కాదు.

కాబట్టి గవాస్కరా, సచినా అన్న వాదనైనా, అలీనా, మార్సియానోనా అన్న వాదనైనా మొదలుపెట్టండి. అది ఆటను ప్రేమించేవాళ్ల హక్కు. కానీ పేరు చెప్పేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఏ వయసులో? ఏ నిబంధనలతో? ఎవరి శైలికి ఎవరు ఎదురు? పోటీకి రానివ్వని వాళ్లెవరు? జవాబుగా ఒక పేరు కాక, పదింట ఎన్నిసార్లో చెప్పమని పట్టుబట్టండి. అలా అడిగినవాళ్లు వాదనలో ఓడినా, ఆట గురించి ముందుకన్నా ఎక్కువ తెలుసుకుంటారు.